పాల కేంద్రంలో కంప్యూటరు : ఆపరేటింగు సిస్టం అంటే ఏమిటి?

— సహకార ఇన్‌స్పెక్టరు, పుత్తూరు



పూర్వం పాల కేంద్రంలో కొలత పాత్రలు, లాక్టోమీటరు, గర్బరు పరీక్ష సామాను, ఒక రిజిస్టరు ఉండేవి. సభ్యుడు తన పాలు కొలవడం కళ్లారా చూసేవాడు. రిజిస్టరులో రాసిన అంకెను చదివించుకొనేవాడు. ఇప్పుడు అనేక కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ తూకం, పాల పరీక్ష యంత్రం, వాటికి తగిలించిన కంప్యూటరు వచ్చాయి. కోడు నంబరు చెప్పి పాలు పోస్తే చీటీ చేతికి వస్తుంది. పని తొందరగా అవుతున్నది, సంతోషమే. అయితే దానితోపాటు ఒక కొత్త మాట కూడా వచ్చింది. "ఇదేందప్పా, నిన్నటికీ ఈ పొద్దుటికీ ఇంత తేడా?" అని సభ్యుడు అడిగితే, "నేనేం చేసేది సామీ, కంప్యూటరు అట్లే చూపిస్తా ఉంది" అని జవాబు.

ఈ జవాబు చాలదు. కంప్యూటరు తనంతట తాను ఏదీ చూపించదు. చీటీ మీద కనబడే ప్రతి అంకె మూడింటిలో ఒక చోటి నుంచి వస్తుంది. ఒకటి, మనిషి వేలితో నొక్కినది. రెండు, పరికరం కొలిచి పంపినది. మూడు, ముందుగా దాచి ఉంచిన పట్టికను బట్టి లెక్క కట్టినది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి, వరుసలో పెట్టి, యంత్రం చేత పని చేయించేది ఆపరేటింగు సిస్టం. దానిని గురించి కొంత తెలుసుకుంటే, ఏ అంకెను గురించి ఎవరిని ఏమి అడగాలో తెలుస్తుంది. ఈ పాఠం ఉద్దేశం అదే.

కంప్యూటరులో నాలుగు అంతస్తులు

కంప్యూటరును నాలుగు అంతస్తుల మేడగా ఊహించుకోండి. అన్నిటికన్నా కింద యంత్ర సామగ్రి ఉంటుంది. లెక్కలు చేసే ప్రాసెసరు, తాత్కాలికంగా గుర్తుంచుకొనే మెమొరీ, శాశ్వతంగా దాచే డిస్కు, కీబోర్డు, తెర, ప్రింటరు, తూకం, పరీక్ష యంత్రం, ఇవన్నీ సామగ్రి. దాని మీద ఆపరేటింగు సిస్టం. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అనేవి ఆపరేటింగు సిస్టంల పేర్లు. దాని మీద మన పనికి సంబంధించిన ప్రోగ్రాము, అంటే పాల సేకరణ లెక్కలు చూసేది. అన్నిటికన్నా పైన మనిషి.

పైనున్న మనిషి కింద ఉన్న యంత్రంతో నేరుగా మాట్లాడలేడు. యంత్రానికి తెలిసింది విద్యుత్తు ఉండటం, లేకపోవడం, ఈ రెండే. ఆ రెంటినీ 1, 0 అని గుర్తిస్తారు. ప్రోగ్రాము కూడా ప్రింటరును గాని డిస్కును గాని తానే తాకదు. "ఈ చీటీ అచ్చు వేయించు", "ఈ లెక్క దాచు" అని ఆపరేటింగు సిస్టంను అడుగుతుంది. సిస్టం ఆ పని చేయించి "అయింది" అనో, "కాలేదు, కారణం ఇది" అనో తిరిగి చెబుతుంది.

మన సంఘంలో కార్యదర్శి పాత్ర ఇటువంటిదే. సభ్యులందరూ బీరువా తెరవరు, అందరూ క్యాష్‌బుక్కు రాయరు. అడగవలసినది కార్యదర్శిని అడుగుతారు, ఆయన నిబంధనల ప్రకారం చేస్తాడు. ఒక్క తేడా మాత్రం మరచిపోరాదు. కార్యదర్శికి వివేకం ఉంది, తప్పు అంకె కనబడితే ఆగి అడుగుతాడు. ఆపరేటింగు సిస్టంకు ఆ వివేకం లేదు. తప్పు ఇస్తే తప్పునే భద్రంగా దాస్తుంది.

సిస్టం చేసే ఐదు పనులు

మొదటిది, వంతులు పెట్టడం. తూకం నుంచి అంకె వస్తుండగానే ప్రింటరు పాత చీటీని అచ్చు వేస్తుంటుంది, ఇంకోవైపు సభ్యుని ఫోనుకు సందేశం పోతుంటుంది. ప్రాసెసరు సమయాన్ని సెకనులో అతి చిన్న భాగాలుగా పంచి, ఒక్కొక్క పనికి వంతు ఇస్తుంది. వంతులు చాలా వేగంగా తిరగడం వల్ల అన్నీ ఒకేసారి జరుగుతున్నట్లు మనకు కనబడుతుంది.

రెండవది, మెమొరీ పంచడం. మెమొరీ అంటే పలక వంటిది. రాయడం, చెరపడం తొందరగా అవుతుంది కాని, కరెంటు పోతే అంతా చెరిగిపోతుంది. ఏ ప్రోగ్రాము పలకలో ఏ మూల రాసుకోవాలో సిస్టం నిర్ణయిస్తుంది. ఒకరి మూలలో ఇంకొకరు రాయకుండా కాపలా కాస్తుంది.

మూడవది, ఫైళ్లు దాచడం. డిస్కు అంటే లెడ్జరు వంటిది. కరెంటు పోయినా అందులో రాసినది ఉంటుంది. ఏ లెక్క ఏ పేరుతో ఎక్కడ ఉన్నదో విషయసూచిక రాసి పెట్టుకోవడం సిస్టం పని.

నాలుగవది, పరికరాలను నడపడం. తూకం తయారుచేసిన కంపెనీ ఒకటి, ప్రింటరు కంపెనీ ఇంకొకటి. ఒక్కొక్కదాని భాష వేరు. ఆ భాషను సిస్టంకు అర్థమయ్యేటట్లు చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. బస్సు డ్రైవరుకూ దీనికీ సంబంధం లేదు, ఇది దుబాసీ వంటిది. కొత్త ప్రింటరు తెచ్చినప్పుడు అది పని చేయకపోతే, సగం సందర్భాల్లో పాడైనది ప్రింటరు కాదు. దాని దుబాసీని సిస్టంలో చేర్చలేదన్న మాట.

ఐదవది, తాళాలు కాయడం. ఎవరు ఏమి చూడవచ్చు, ఎవరు ఏమి మార్చవచ్చు అనే అధికారాలను సిస్టం గుర్తుంచుకుంటుంది. అందుకే మొదట పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. ఈ ఐదవ పనికీ మన డబ్బుకూ దగ్గరి సంబంధం ఉన్నది. దానిని కింద వివరిస్తాను.

ఒక్క చీటీ వెనుక జరిగేది

సభ్యుని కోడు 47 అనుకుందాం. ఆపరేటరు 4, 7 నొక్కుతాడు. కీబోర్డు ఆ సంగతిని సిస్టంకు, సిస్టం ప్రోగ్రాముకు చెబుతాయి. తెర మీద సభ్యుని పేరు వస్తుంది. ఇది మనిషి నొక్కిన అంకె. 47కు బదులు 74 నొక్కితే పాలు ఇంకొకరి ఖాతాకు పోతాయి. పేరు చూసుకోవలసినది ఈ క్షణంలోనే.

తర్వాత తూకం 6.18 కిలోలు అని పంపుతుంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి గనుక ప్రోగ్రాము దానిని 6 లీటర్లుగా మారుస్తుంది. పరీక్ష యంత్రం వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. పంపుతుంది. ఇవి పరికరం పంపిన అంకెలు. పరికరం తీగ ఊడితే, కొన్ని ప్రోగ్రాములు ఆ అంకెలను చేత్తో నొక్కడానికి అనుమతిస్తాయి. అటువంటప్పుడు చీటీ మీద గాని రిపోర్టులో గాని అది చేత్తో చేర్చినదని తెలిసే గుర్తు ఉందా లేదా అని పాలకవర్గం కనుక్కోవాలి.

ఆ తర్వాత ప్రోగ్రాము ధరల పట్టికను తెరవమని సిస్టంను అడుగుతుంది. ఆ వెన్నకు, ఆ ఎస్.ఎన్.ఎఫ్.కు లీటరు ధర ఎంతో చూసి గుణిస్తుంది. ఇది పట్టిక నుంచి వచ్చిన అంకె. మాటవరసకు కొత్త పట్టిక ప్రకారం లీటరు 34 రూపాయల 50 పైసలు అనుకుంటే 6 లీటర్లకు 207 రూపాయలు. కేంద్రంలో పాత పట్టికే ఉండిపోయి అందులో 33 రూపాయలు ఉంటే 198 రూపాయలే వస్తుంది. పూటకు 9 రూపాయల తేడా. రెండు పూటలా పది రోజుల బిల్లుకు 180 రూపాయలు. తూకం మంచిదే, పరీక్ష మంచిదే, ఆపరేటరు మంచివాడే. అయినా ఒక పాత ఫైలు వల్ల ఆ ఇంట దాణా ఖర్చు తగ్గిపోయింది.

చివరకు ప్రింటరు చీటీ వేస్తుంది, లెక్క డిస్కులో చేరుతుంది. చీటీ మీద తేదీ, పూట కూడా ఉంటాయి. ఆ తేదీ కంప్యూటరు లోపలి గడియారం నుంచి వస్తుంది. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు ఆ గడియారాన్ని నాణెం ఆకారంలోని చిన్న బ్యాటరీ నడుపుతుంది. బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో సంవత్సరాలు వెనక్కు పోవచ్చు. అప్పుడు ఈ రోజు పోసిన పాలు ఈ బిల్లులోకి రావు. చిన్న ఖర్చుతో పోయే లోపమిది, కాని చూసుకొనే కన్ను కావాలి.

యంత్రంతో మాట్లాడే పద్ధతులు

మొదటి రోజుల్లో, అంటే 1940లలో, కంప్యూటర్లకు ఆపరేటింగు సిస్టం లేదు. స్విచ్చులు వేసి, తీగలు మార్చి పని చేయించేవారు. పనికీ పనికీ మధ్య ఎంతో సమయం వృథా అయ్యేది. 1956లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ తన ఐ.బి.ఎం. 704 యంత్రం కోసం, ఒక పని ముగియగానే తర్వాతి పనిని తానే మొదలుపెట్టే ప్రోగ్రామును వాడింది. ఆపరేటింగు సిస్టంలలో తొలి వాటిగా దానిని చెబుతారు. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టారు. ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకోవడం, ఎవరి ఫైళ్లు వారికి భద్రంగా ఉండటం అందులోని సౌకర్యం. మన దగ్గర 1967లో హైదరాబాదులో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. పేరుతో కంప్యూటర్లు తయారుచేసింది.

మనిషి ఆజ్ఞ ఇచ్చే పద్ధతులు కాలక్రమంలో మారాయి. మొదటిది, ఆజ్ఞను అక్షరం పొల్లు పోకుండా టైపు చేయడం. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన డాస్ ఇటువంటిది. నల్లని తెర మీద మినుకుమినుకుమనే గీత పక్కన ఆంగ్లంలో ఆజ్ఞ టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పినా పని కాదు. నేర్చినవానికి ఇది వేగమైన దారి, నేర్వనివానికి గోడ.

రెండవది, బొమ్మలు చూసి ఎంచుకోవడం. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించారు. 1984లో మాకింతోష్, 1985లో విండోస్ ఈ పద్ధతిని ఇళ్లకూ ఆఫీసులకూ తెచ్చాయి. ఆజ్ఞ గుర్తుంచుకోనక్కరలేదు, కనబడిన బొమ్మ మీద నొక్కితే చాలు. మూడవది, వేలితో తెరను తాకడం. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. ఆండ్రాయిడ్ లోపల ఉన్న మూలభాగం లినక్స్. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టి, ఎవరైనా చూసి బాగుచేయవచ్చునని అందరికీ పంచిపెట్టినది అది. పదిమంది కష్టం పదిమందికీ ఉపయోగపడాలన్న సహకార సూత్రానికి దగ్గరి బంధువు.

కొన్ని కేంద్రాల్లో కంప్యూటరు ఉండదు. బటన్లు, రెండు మూడు వరుసల చిన్న తెర ఉన్న పెట్టె ఉంటుంది. అందులోనూ పరికరాలను నడిపే చిన్న నియంత్రణ ప్రోగ్రాము ఉంటుంది. పద్ధతి వేరయినా సూత్రం ఒక్కటే. ఆజ్ఞ ఇచ్చేవాడు మనిషి. ఎన్.డి.డి.బి. అని మనం పిలుచుకొనే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ తయారుచేసిన పాల సేకరణ సాఫ్ట్‌వేరు విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ మూడింటి మీదా నడిచేటట్లు ఉన్నది. కాబట్టి ఏదో ఒక్క సిస్టం ఉంటేనే పాల లెక్క సాధ్యమని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

తెలుగులో చీటీ అడగవచ్చు

కంప్యూటరుకు తెలుగు రాదని కొందరు అంటారు. అది పాత మాట. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నుంచే తెలుగుకు చోటు ఉన్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికి గౌతమి అనే తెలుగు అక్షరాలు సిస్టంతోనే వచ్చాయి. లినక్స్‌లోను, ఆండ్రాయిడ్‌లోను తెలుగు ఉన్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగు మెనూలతో అందించడానికి పని చేసింది. సంఘంలో ఎక్కువమంది చదవగలిగినది తెలుగే అయినప్పుడు చీటీ తెలుగులో ఉండాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించి సరఫరాదారును అడగవచ్చు. చదవలేని చీటీ చేతిలో ఉన్నా లేనట్లే.

కరెంటు పోతే ఏమవుతుంది?

పైన పలక, లెడ్జరు అని చెప్పాను. వేగం కోసం సిస్టం కొన్ని లెక్కలను ముందు పలకలో ఉంచి, కొద్దిసేపటి తర్వాత లెడ్జరులోకి ఎక్కిస్తుంది. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోతే రెండు నష్టాలు. చివరి కొన్ని లెక్కలు పోవచ్చు. విషయసూచిక సగం రాసి ఆగిపోతే ఫైలు తెరుచుకోకపోవచ్చు. ప్లగ్గు పీకి కంప్యూటరును ఆపరాదని చెప్పేది ఇందుకే. సిస్టంను ఆపమని ఆజ్ఞ ఇస్తే, అది పలక మీద ఉన్నదంతా లెడ్జరుకెక్కించి, ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా మూసి, ఆ తర్వాత ఆగుతుంది.

కాబట్టి కేంద్రంలో యు.పి.ఎస్. అనే బ్యాటరీ పెట్టె పని చేస్తూ ఉండాలి. అది పూటంతా నడపడానికి కాదు, జరుగుతున్న లెక్క ముగించి సక్రమంగా ఆపడానికి. అలాగే ప్రతి పూటా లెక్కల నకలు ఇంకొకచోట దాచాలి. అదే కంప్యూటరులో ఇంకొక పేరుతో దాచితే నకలు కాదు. బీరువా కాలితే అందులోని రెండు పుస్తకాలూ కాలుతాయి గదా.

పాతబడిన సిస్టం ప్రమాదం

సిస్టంలో లోపాలు బయటపడినప్పుడల్లా తయారీదారు దిద్దుబాట్లు పంపుతాడు. కొన్నేళ్ల తర్వాత పాత సిస్టంకు అవి ఆగిపోతాయి. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. అంటే ఆ కంప్యూటర్లు ఆగిపోతాయని కాదు. కొత్తగా కనిపెట్టిన దొంగదారులకు తలుపు వేసేవారు ఉండరని అర్థం. ఇంటర్నెట్టు ద్వారా సభ్యుల బ్యాంకు ఖాతాలకు బిల్లులు పంపే సంఘానికి ఇది చిన్న విషయం కాదు. మన కేంద్రంలో ఏ సిస్టం ఉన్నదో పాలకవర్గం కాగితం మీద రాయించుకొని, కొత్త సిస్టంకు మారడమా, లినక్స్ వైపు పోవడమా అన్నది యూనియనుతో మాట్లాడి నిర్ణయించాలి.

యంత్రం ఆగినప్పుడు

పుత్తూరు కట్టు కట్టేవారు ముందు వేళ్లతో తడిమి ఎముక ఎక్కడ విరిగిందో చూస్తారు. ఆ తర్వాతే కట్టు. కంప్యూటరు విషయంలోనూ అదే క్రమం. వెలగనే వెలగకపోతే సామగ్రి లేదా కరెంటు. వెలిగి, పేరు, పాస్‌వర్డు అడిగే వరకూ రాకపోతే సిస్టం. అన్నీ తెరుచుకొని పాల లెక్కలది మాత్రమే తెరుచుకోకపోతే ప్రోగ్రాము. అన్నీ నడుస్తూ తూకం అంకె మాత్రమే రాకపోతే తీగ లేదా డ్రైవరు. తెర మీద సిస్టం ఏదైనా సందేశం చూపితే, చదవకుండా "ఓకే" నొక్కరాదు. ఉన్నది ఉన్నట్లు కాగితం మీద రాసుకుంటే, బాగుచేసే మనిషికి సగం పని తప్పుతుంది. అది బాగయ్యే వరకు పాల సేకరణ ఆగనక్కరలేదు. గర్బరు పరీక్ష సామాను, రిజిస్టరు సిద్ధంగా ఉంచుకోవడం మంచి సంఘం లక్షణం.

తాళాలు ఎవరి చేతిలో?

ఇప్పుడు ఐదవ పనికి వద్దాం. సిస్టంలో రెండు రకాల వాడుకదారులు ఉంటారు. ఒకరు సర్వాధికారి. ప్రోగ్రాములు చేర్చడం, తేదీ మార్చడం, ఫైళ్లు చెరపడం ఆయనకు చెల్లుతుంది. రెండవవారు సాధారణ వాడుకదారు. తన పని మేరకే అధికారం. రోజూ పాలు తీసుకొనే ఆపరేటరుకు రెండవ రకం ఖాతా చాలు. ధరల పట్టిక మార్చే అధికారం వేరే చేతిలో ఉండాలి. ఒకే పాస్‌వర్డు అందరికీ తెలిసి, గోడ మీద రాసి ఉంటే, ఏ మార్పు ఎవరు చేసినదీ ఆడిట్‌లో తేలదు. అప్పుడు నిజాయితీపరుడైన ఆపరేటరు మీద కూడా నింద పడుతుంది. తాళం సభ్యునికే కాదు, ఉద్యోగికీ రక్షణ.

సభ్యులు, పాలకవర్గం గుర్తుంచుకోవలసినవి

1. పాలు పోసేటప్పుడు తెర మీద మీ పేరు, తేదీ, పూట చూసుకోవలెను. తెర సభ్యులవైపు తిరిగి ఉండవలెను.

2. చీటీలను బిల్లు వచ్చే వరకు దాచి, బిల్లుతో సరిచూసుకోవలెను.

3. అమలులో ఉన్న ధరల పట్టికను, అది ఏ తేదీ నుంచి అమలైనదో కేంద్రంలో గోడకు అంటించవలెను.

4. వెన్న శాతం మీద అనుమానం వస్తే అదే నమూనాకు గర్బరు పరీక్ష చేయమని అడగవలెను. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలుతో చేసే ఈ పాత పరీక్ష కొత్త యంత్రాన్ని సరిచూడటానికి నేటికీ పనికి వస్తుంది.

5. ప్రతి పూటా సభ్యులు పోసిన మొత్తం పాలు, యూనియనుకు పంపిన పాలు, స్థానికంగా అమ్మిన పాలు సరిపోతున్నవా అని పాలకవర్గం చూడవలెను.

6. పాస్‌వర్డు ఎవరిది వారికే ఉండవలెను. ఉద్యోగి మారిన రోజే పాస్‌వర్డు మార్చవలెను.

7. మీ ఫోనులోనూ ఆపరేటింగు సిస్టమే ఉన్నది. పాల లెక్కల యాప్ మీ అనుమతులు అడిగినప్పుడు పనికి కావలసినవే ఇవ్వండి. బ్యాంకు పంపే ఓ.టి.పి. నంబరు ఎవరికీ చెప్పవద్దు.

ఇక "కంప్యూటరు అట్లే చూపిస్తా ఉంది" అన్న మాట వినబడితే నెమ్మదిగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే. "ఆ అంకె నొక్కినదా, కొలిచినదా, పట్టికలో నుంచి వచ్చినదా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన సంఘంలో యంత్రం సభ్యుల పనిముట్టుగా ఉంటుంది. చెప్పలేకపోతే సభ్యులంతా కలిసి నేర్చుకోవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి. సందేహాలను వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టండి.